ఐత్వమా, ఏత్వమా: అయానిక పదార్థాల పేర్లు, ఫార్ములాలు

అందరికీ నమస్కారం. వెనక బెంచీలవాళ్లకు వినిపిస్తోంది కదా? సరే, మొదలుపెడదాం.

కెమిస్ట్రీ కొత్తగా చదువుతున్నవాళ్లను ఏ పాఠం అంటే టెన్షన్ అని అడిగితే, చాలామంది ఈ పాఠం పేరే చెప్తారు. "అన్నీ ఒకేలా ఉంటాయి సార్, పరీక్ష హాల్లో కలగాపులగం అయిపోతాయి" అంటారు. నాకూ అలాగే ఉండేది. నోట్‌బుక్ చివరి పేజీల్లో పేరు ఒకవైపు, ఫార్ములా ఇంకోవైపు రాసుకుని పొద్దున్నే పద్యంలా వల్లె వేసేవాణ్ని. సోడియం క్లోరైడ్ ఎన్‌ఏ సీఎల్, కాల్షియం క్లోరైడ్ సీఏ సీఎల్ టూ, అల్యూమినియం ఆక్సైడ్ ఏఎల్ టూ ఓ త్రీ. నా జాబితాలో లేనిది పేపర్లో కనిపిస్తే ఇక ఆ ప్రశ్న వదిలేయడమే.

ఒక చిన్న లెక్క చూడండి. పది ధన అయాన్లు, పది ఋణ అయాన్లు మీకు గట్టిగా వచ్చనుకోండి. ప్రతిదాన్నీ ప్రతిదానితో జత కడితే వంద ఫార్ములాలు. అంటే ఇరవై గుర్తుంటే వంద రాయగలరు. అదే వంద ఫార్ములాలూ విడివిడిగా బట్టీ పడితే మీ చేతిలో ఉండేది ఆ వందే, అదీ పరీక్ష అయ్యేదాకా. అందుకే బట్టీ పట్టాల్సింది ఫార్ములాలను కాదు, అయాన్లను అంటాను. అసలు బట్టీయే అక్కర్లేదు, అర్థం చేసుకుంటే చాలు అని చెప్పేవాళ్లుంటారు. వాళ్ల మాట నమ్మకండి. సల్ఫేట్‌కి మైనస్ 2 అని ఎంత అర్థం చేసుకున్నా గుర్తులేకపోతే కలం కదలదు. ఆ ఇరవైకి బట్టీ తప్పదు. మిగతాదంతా కూడికలు, తీసివేతలు.

అయాన్ సంగతి మీకు తెలుసు కాబట్టి త్వరగా దాటేస్తాను. సోడియం పరమాణువులో 11 ప్రోటాన్లు, 11 ఎలక్ట్రాన్లు. ఒక ఎలక్ట్రాన్ వదిలేసింది, ప్రోటాన్లు 11, ఎలక్ట్రాన్లు 10, ఒక ప్లస్ మిగిలింది. క్లోరిన్‌లో 17, 17. ఒకటి వచ్చి చేరితే ఎలక్ట్రాన్లు 18, ఒక మైనస్. ఇలా ప్లస్ గానీ మైనస్ గానీ, అంటే ఆవేశం, వచ్చినదే అయాన్. ఎలక్ట్రాన్ పోతే ప్లస్ ఎలా వస్తుంది సార్, పోయింది కదా, మైనస్ రావాలి కదా అని ఏటా ఒకరైనా అడుగుతారు. పోయింది అప్పు అనుకోండి. అప్పు పోతే మన పరిస్థితి బాగుపడుతుంది కదా, అంతే.

ఈ అయాన్ అనే మాట 1834 నాటిది. మైకేల్ ఫారడే ద్రావణాల్లోంచి కరెంటు పంపుతూ, ఎలక్ట్రోడ్ల వైపు కదిలిపోయే ఈ పదార్థాలకు ఏ పేరు పెట్టాలో తోచక, విలియం హ్యూయెల్ అనే పండితుణ్ని సలహా అడిగాడు. గ్రీకులో 'వెళ్లేది' అని అర్థం వచ్చే మాట ఆయన ఇచ్చాడు. కాథోడ్ అంటే మైనస్ ఎలక్ట్రోడ్, దాని వైపు వెళ్లేది కాటయాన్; ఆనోడ్ అంటే ప్లస్ ఎలక్ట్రోడ్, దాని వైపు వెళ్లేది ఆనయాన్. సరదా ఏంటంటే, ఎలక్ట్రాన్ అనేది ఒకటుందని తెలియడానికి ఇంకా అరవై ఏళ్లకు పైగా పట్టింది. ఎందుకు వెళ్తున్నాయో సరిగ్గా తెలియకముందే 'వెళ్లేవి' అని పేరు పెట్టేశారు.

ఏ అయాన్‌కి ఎంత ఆవేశం అన్నది సగం మీకు ఆవర్తన పట్టికే చెప్తుంది. మొదటి గ్రూపు లోహాలు ప్లస్ 1. రెండోది ప్లస్ 2. అల్యూమినియం ప్లస్ 3. అటు చివర ఫ్లోరిన్, క్లోరిన్, బ్రోమిన్, అయోడిన్ మైనస్ 1. ఆక్సిజన్, సల్ఫర్ మైనస్ 2. నైట్రోజన్ మైనస్ 3. జింక్ ప్లస్ 2, సిల్వర్ ప్లస్ 1 అన్నవి విడిగా గుర్తుపెట్టుకోండి. ఐరన్, కాపర్ లాంటి వాటికి ఒకటి కంటే ఎక్కువ ఆవేశాలుంటాయి, వాటి దగ్గరకి మళ్లీ వస్తాను.

ఇక్కడ కాసేపు ఆగాలి. ఎన్‌ఏ సీఎల్ అని రాశాం. అంటే ఏమిటి? ఒక సోడియం, ఒక క్లోరిన్ చేతులు పట్టుకుని జంటగా ఉన్నాయనా? కాదు. ఉప్పు గల్లులో అలాంటి జంటలు ఎక్కడా కనపడవు. ప్రతి సోడియం అయాన్ చుట్టూ ఆరు క్లోరైడ్‌లు, ప్రతి క్లోరైడ్ చుట్టూ ఆరు సోడియంలు. ఇలా గల్లు ఈ చివర నుంచి ఆ చివర దాకా. ఈ సోడియం ఏ క్లోరైడ్‌ది అని అడిగితే జవాబు లేదు. 1913లో బ్రాగ్ తండ్రీకొడుకులు ఎక్స్‌రేలతో ఈ సంగతి తేల్చారు. చాలామంది కెమిస్టులకు అది మింగుడుపడలేదు. హెన్రీ ఆర్మ్‌స్ట్రాంగ్ అని పేరుమోసిన పెద్దాయన, 1927లో, దాదాపు ఎనభై ఏళ్ల వయసులో, నేచర్ పత్రికకు ఉత్తరం రాసి మరీ వెటకారం చేశాడు. ఉప్పులో అణువే లేదట, చదరంగం బల్లలా గళ్లు గళ్లుగా ఉంటుందట, ఇదేం సైన్సు అన్న ధోరణిలో. పాపం ఆయన తప్పే. కానీ ఎన్‌ఏ సీఎల్ అని రాసి ఉంటే దాన్ని ఒక అణువు అనుకోవడం అంత తేలిక అన్నమాట. మీరు అనుకున్నా సిగ్గుపడక్కర్లేదు.

కాబట్టి అయానిక పదార్థం ఫార్ములా అంటే అయాన్ల మధ్య నిష్పత్తి. ఒకటికి ఒకటి, ఒకటికి రెండు, రెండుకి మూడు. నిష్పత్తి అన్నాం కనుక సూక్ష్మీకరించి రాస్తాం. ఆ నిష్పత్తిని తేల్చేది ఒకే ఒక్క షరతు: ప్లస్‌లన్నీ, మైనస్‌లన్నీ కలిపితే సున్నా రావాలి.

మెగ్నీషియం ప్లస్ 2, క్లోరైడ్ మైనస్ 1. రెండు ప్లస్‌లను రద్దు చేయాలంటే రెండు క్లోరైడ్‌లు కావాలి. ఎంజీ సీఎల్ టూ. అల్యూమినియం ప్లస్ 3, ఆక్సైడ్ మైనస్ 2. మూడుకీ రెండుకీ క.సా.గు. ఆరు. ఆరు ప్లస్‌లకు రెండు అల్యూమినియంలు, ఆరు మైనస్‌లకు మూడు ఆక్సైడ్‌లు. ఏఎల్ టూ ఓ త్రీ. చిన్నప్పటి క.సా.గు. ఇంత దూరం వచ్చి పనికొస్తుందని నేనైతే అనుకోలేదు.

ఫార్ములా రాశాక ఆవేశాలు పైన వదిలేయకండి, తుడిచేయండి. ఆవేశం పైన రాస్తాం, సంఖ్య కింద రాస్తాం, ఈ రెండూ కలిసిపోతే గందరగోళం. మీకు ఈ తికమక ఉంటే ఊరట కలిగించే మాట ఒకటుంది. 1813–14 ప్రాంతంలో మూలకాలకు అక్షరాల గుర్తులు తెచ్చిన బెర్జీలియస్, మనం కింద రాసే అంకెను పైనే రాసేవాడు. తర్వాతివాళ్లు దాన్ని కిందికి దించారు.

మీలో చాలామందికి క్రిస్‌క్రాస్ పద్ధతి నేర్పి ఉంటారు. దీని ఆవేశం దాని కింద, దాని ఆవేశం దీని కింద. త్వరగా అవుతుంది, నేనేమీ వద్దనను. కానీ ఎందుకు చేస్తున్నామో మర్చిపోయి చేస్తే రెండు చోట్ల బోల్తా కొట్టిస్తుంది. మెగ్నీషియం ప్లస్ 2, ఆక్సైడ్ మైనస్ 2. అడ్డంగా మార్చేస్తే ఎంజీ టూ ఓ టూ. అలాగే రాసి వచ్చేసేవాళ్లు ఉన్నారు. సూక్ష్మీకరిస్తే ఎంజీ ఓ. ఇది చిన్న పొరపాటే. పెద్దది రెండోది, వెనక్కి చదివేటప్పుడు వస్తుంది. పీబీ ఓ టూ అని ఇచ్చి లెడ్ ఆవేశం ఎంత అని అడిగారు. క్రిస్‌క్రాస్‌ని తిరగేసి, ఆక్సిజన్ కింద 2 ఉంది కాబట్టి లెడ్ ప్లస్ 2 అంటారు. మరి లెడ్ కింద ఏమీ లేదు, అంటే ఒకటి, అంటే ఆక్సిజన్ మైనస్ 1 అవ్వాలి కదా? సాధారణంగా ఆక్సైడ్‌లో అది మైనస్ 2. రెండు ఆక్సిజన్‌లు కలిపి మైనస్ 4, కాబట్టి లెడ్ ప్లస్ 4. క్రిస్‌క్రాస్ బాణాలు మర్చిపోయినా సున్నాని మర్చిపోకండి.

సూక్ష్మీకరించడం అన్నాను కదా, దానికీ హద్దుంది. అయాన్ల సంఖ్యను తగ్గించొచ్చు, అయాన్ కడుపులో ఉన్నదాన్ని ముట్టుకోకూడదు. సోడియం ఆక్సలేట్ చూడండి: ఎన్‌ఏ టూ, సీ టూ, ఓ ఫోర్. అన్నీ రెండుతో భాగించబడతాయి కదా అని ఎన్‌ఏ సీ ఓ టూ అని రాసేస్తే ఆక్సలేట్ అయాన్‌ని నరికేసినట్టే. అది సీ టూ ఓ ఫోర్, మైనస్ 2, ఒకే ముక్క. సోడియం పెరాక్సైడ్ కూడా అంతే, ఎన్‌ఏ టూ ఓ టూ. రెండు ఆక్సిజన్‌లు కలిసి ఒకే అయాన్, మొత్తానికి మైనస్ 2. మెర్క్యురీలో ఇంకా విచిత్రం, లోహ అయానే జంటగా ఉంటుంది. మెర్క్యురస్ క్లోరైడ్ హెచ్‌జీ టూ సీఎల్ టూ, దాన్ని తగ్గించరు.

(సభలోంచి: "సార్, ఈ పద్ధతిలో ఏ రెండు అయాన్లను కలిపినా ఫార్ములా వచ్చేస్తుందిగా. అవన్నీ నిజంగా ఉంటాయా?")

మంచి ప్రశ్నమ్మా, పుస్తకాలు దీన్ని దాటేస్తాయి. ఉండవు. సున్నా షరతు 'ఉంటే ఇలా ఉంటుంది' అని చెప్తుంది, 'ఉంటుంది' అని చెప్పదు. అల్యూమినియం కార్బొనేట్ ఫార్ములా రాయమని అభ్యాసాల్లో ఇస్తూనే ఉంటారు, మీరు ఏఎల్ టూ, సీఓ త్రీ హోల్ థ్రైస్ అని రాస్తారు, మార్కులు వేస్తాం. కానీ నీళ్లలో అల్యూమినియం లవణానికి సోడియం కార్బొనేట్ కలిపి చూడండి. అడుక్కి చేరేది అల్యూమినియం హైడ్రాక్సైడ్. కార్బన్ డయాక్సైడ్ బుడగలుగా పోతుంది. ఫార్ములా రాయడం వచ్చినంత మాత్రాన పదార్థం తయారైపోదు.

'హోల్ థ్రైస్' అన్నాను కదా, బ్రాకెట్ల గురించి చెప్పేస్తాను. కాల్షియం ప్లస్ 2, హైడ్రాక్సైడ్ మైనస్ 1. రెండు హైడ్రాక్సైడ్‌లు కావాలి. సీఏ, బ్రాకెట్‌లో ఓహెచ్, బయట 2. బ్రాకెట్ లేకుండా రాస్తే ఆ 2 హైడ్రోజన్‌కి మాత్రమే తగులుతుంది, ఒక ఆక్సిజన్ మాయమైపోతుంది. అదే సోడియం హైడ్రాక్సైడ్‌లో ఒక్కటే ఓహెచ్, బ్రాకెట్ అక్కర్లేదు. అల్యూమినియం సల్ఫేట్‌లో అక్షరాలా లెక్కపెట్టండి: అల్యూమినియం రెండు, సల్ఫర్ మూడు, ఆక్సిజన్ పన్నెండు. పైకి చదివేటప్పుడు ఆ 'హోల్' తప్పకుండా పలకండి. కాగితం మీద బ్రాకెట్ చేసే పనిని నోటితో అదే చేస్తుంది.

ఇప్పుడు పేర్లు. ముందు లోహం పేరు ఉన్నదున్నట్టు, తర్వాత అలోహం పేరు చివర మార్చి 'ఐడ్' చేర్చి. క్లోరిన్ క్లోరైడ్, ఆక్సిజన్ ఆక్సైడ్, సల్ఫర్ సల్ఫైడ్, నైట్రోజన్ నైట్రైడ్. అయిపోయింది. ఎన్ని ఉన్నాయో చెప్పక్కర్లేదు. సీఏ సీఎల్ టూ కాల్షియం క్లోరైడ్ మాత్రమే, కాల్షియం డైక్లోరైడ్ కాదు. కార్బన్ డయాక్సైడ్‌లో 'డై' ఎందుకుందంటే, కార్బన్, ఆక్సిజన్ కలిసి మోనాక్సైడ్‌గానూ ఉంటాయి, డయాక్సైడ్‌గానూ ఉంటాయి, ఏది అన్నది చెప్పకపోతే తెలియదు. కాల్షియం ప్లస్ 2, క్లోరైడ్ మైనస్ 1 అని తెలిశాక ఒకటికి రెండు తప్ప ఇంకో దారే లేదు. తెలిసిన విషయం పేరులో మళ్లీ చెప్పడం దండగ.

(సభలోంచి: "మరి పొటాషియం డైక్రోమేట్‌లో డై ఉంది కదా సార్?")

దీనికోసమే చూస్తున్నాను. ఆ 'డై' ఎవరి గురించి చెప్తోంది? పొటాషియం గురించి కాదు. డైక్రోమేట్ అన్నదంతా కలిపి ఒక అయాన్ పేరు. సీఆర్ టూ ఓ సెవెన్, మైనస్ 2. దాని లోపల రెండు క్రోమియంలు ఉన్నాయి కాబట్టి డై. క్రోమేట్ అని ఇంకొకటుంది, సీఆర్ ఓ ఫోర్, దానికీ మైనస్ 2. పొటాషియంలు రెండు రావడం మామూలు లెక్క, ప్లస్ 1 కాబట్టి రెండు కావాలి. పేరులో పొటాషియం పక్కన ఏ 'డై'యూ లేదు గమనించండి. బైకార్బొనేట్‌లో 'బై' కూడా ఇలాంటి చిక్కే తెస్తుంది. రెండు కార్బొనేట్‌లు ఎక్కడున్నాయి సార్ అంటారు. లేవు. అది పాతకాలం పేరు. సోడియం కార్బొనేట్‌తో పోలిస్తే ఒక్కో సోడియం వాటాకి వచ్చే కార్బొనేట్ రెట్టింపు అని అలా పిలిచారు. ఇప్పటి పేరు హైడ్రోజన్ కార్బొనేట్. కార్బొనేట్ మైనస్ 2, దానికి ఒక హెచ్ ప్లస్ తగిలింది, మైనస్ 1 మిగిలింది. ఈ పేరు చూస్తే ఆవేశం కూడా తెలిసిపోతుంది, అందుకే నాకు ఇదే ఇష్టం.

ఐరన్ దగ్గరకి వస్తానన్నాను. ఐరన్ ప్లస్ 2 అయినా కావొచ్చు, ప్లస్ 3 అయినా కావొచ్చు. ఐరన్ క్లోరైడ్ అంటే ఏది? ఎఫ్ఈ సీఎల్ టూ కూడా ఉంది, ఎఫ్ఈ సీఎల్ త్రీ కూడా ఉంది. పాత పద్ధతిలో తక్కువదానికి 'అస్', ఎక్కువదానికి 'ఇక్'. ఫెర్రస్, ఫెర్రిక్. ఈ పద్ధతిలో ఉన్న ఇబ్బంది ఏంటంటే ఎంత తక్కువ, ఎంత ఎక్కువ అన్నది ఆ తోకలు చెప్పవు. ఫెర్రస్ అంటే 2, ఫెర్రిక్ అంటే 3. కుప్రస్ 1, కుప్రిక్ 2. స్టానస్ 2, స్టానిక్ 4. ఒక చోట 'ఇక్' అంటే రెండు, ఇంకో చోట మూడు, మరో చోట నాలుగు. మళ్లీ బట్టీ. 1919లో ఆల్ఫ్రెడ్ స్టాక్ అనే జర్మన్ కెమిస్టు, ఆ అంకెనే పేరులో పెట్టేయండి, గొడవ ఉండదు అన్నాడు. లోహం పేరు పక్కన బ్రాకెట్‌లో రోమన్ అంకె. ఐరన్ టూ క్లోరైడ్, ఐరన్ త్రీ క్లోరైడ్. నన్నడిగితే మొదటి రోజు నుంచీ ఇదే నేర్పాలి. కానీ మందు డబ్బాల మీద ఫెర్రస్ సల్ఫేట్ అనే ఉంటుంది, కాబట్టి పాతదీ చదవడం రావాలి.

ఇక్కడ అందరూ పడే గుంట ఒకటుంది. కాపర్ వన్ ఆక్సైడ్ ఫార్ములా ఎవరైనా చెప్పండి.

(సభలోంచి: "సీయూ ఓ.")

ఎలా వచ్చింది నాన్నా? కాపర్ ఒకటి అనుకున్నావు. పేరులోని అంకె ఎన్ని కాపర్‌లో చెప్పదు, ఒక్కో కాపర్ మీద ఎంత ఆవేశమో చెప్తుంది. కాపర్ వన్ అంటే ప్లస్ 1. ఆక్సైడ్ మైనస్ 2. సున్నా రావాలంటే కాపర్‌లు రెండు. సీయూ టూ ఓ. మరి కాపర్ టూ ఆక్సైడ్? ప్లస్ 2, మైనస్ 2, ఒకటికి ఒకటి, సీయూ ఓ. 'వన్' అన్నదాంట్లో రెండు కాపర్‌లు, 'టూ' అన్నదాంట్లో ఒక్కటే కాపర్! ఈ ఒక్క జత గుర్తుంటే ఆ రోమన్ అంకె దేనికో ఎప్పటికీ మర్చిపోరు. వెనక్కి వెళ్లేటప్పుడూ అదే. ఎఫ్ఈ టూ ఓ త్రీ ఇచ్చారు. ఆక్సైడ్‌లు మూడు, మైనస్ 6. ఐరన్‌లు రెండు కలిపి ప్లస్ 6, ఒక్కోటి ప్లస్ 3. ఐరన్ త్రీ ఆక్సైడ్. ఆ త్రీ ఆక్సిజన్ కింద ఉన్న 3 చూసి రాలేదు, లెక్కలో వచ్చింది.

ఎప్పుడూ ఇంత చక్కగా రాదు. సహజ అయస్కాంతం మాగ్నటైట్ ఫార్ములా ఎఫ్ఈ త్రీ ఓ ఫోర్. మైనస్ 8ని మూడు ఐరన్‌లకు పంచితే ఎనిమిది బై మూడు. అయాన్ మీద భిన్నం ఉండదు కదా, మరి? మూడింట్లో ఒకటి ప్లస్ 2, రెండు ప్లస్ 3. కూడండి, ఎనిమిది. దాని పేరు ఐరన్ టూ, త్రీ ఆక్సైడ్.

ఇప్పుడు మన భాషకి ప్రత్యేకంగా పట్టుకునే చిక్కు. బోర్డు మీద రెండు మాటలు రాస్తున్నాను చూడండి. సల్ఫైట్. సల్ఫేట్. తేడా ఎక్కడుంది? 'ఫ' మీద ఐత్వమా, ఏత్వమా అన్నంతే. నైట్రైట్, నైట్రేట్ కూడా అంతే. ఆ పక్కనే సల్ఫైడ్, నైట్రైడ్. ఇక్కడ ఐత్వం అలాగే ఉంది, చివర ట బదులు డ. ఒక్క గుణింతం జారితే వేరే పదార్థం.

ఇది నా అనుభవం కూడా. ఉద్యోగంలో చేరిన కొత్తలో సోడియం సల్ఫేట్‌తో ఒక ప్రాక్టికల్ చేయించాలి. అలమారలోంచి నేనే సీసా తీశాను, చేత్తో రాసిన చీటీ, నేనే చదివాను. పిల్లలు పరీక్షనాళికల్లో పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోశారు. సల్ఫేట్ అయితే ఏమీ జరగకూడదు. గదంతా గంధకం కాలిన ఘాటు, అందరికీ దగ్గు. సల్ఫర్ డయాక్సైడ్. సీసాలో ఉన్నది సల్ఫైట్. చీటీ సరిగ్గానే రాసి ఉంది, తప్పు నా కంటిది. కిటికీలన్నీ తెరిపించి, ఆ రోజు ప్రాక్టికల్ ఆపేసి, సల్ఫైట్‌కీ సల్ఫేట్‌కీ తేడా పాఠం చెప్పాను. అంతకంటే బాగా ఆ పాఠం మళ్లీ ఎప్పుడూ చెప్పలేకపోయాను.

నాకు దగ్గుతో పోయింది. బేరియం దగ్గర అలా పోదు. పొట్ట, పేగుల ఎక్స్‌రేలు స్పష్టంగా పడడానికి రోగుల చేత బేరియం సల్ఫేట్ కలిపిన ద్రవం తాగిస్తారు. బేరియం అయాన్ విషం. అయినా ఎలా తాగిస్తున్నారు? బేరియం సల్ఫేట్ నీళ్లలోనూ కరగదు, కడుపులోని ఆమ్లంలోనూ కరగదు. వచ్చిన దారినే బయటికి పోతుంది. బేరియం కార్బొనేట్ కూడా నీళ్లలో సరిగ్గా కరగదు, కానీ కడుపులో ఆమ్లం తగలగానే కరిగి బేరియం అయాన్లను వదులుతుంది. దాన్ని ఎలుకల మందుగా వాడేవారు. సల్ఫైడ్ అయినా ప్రమాదమే. ముందు మాట అన్నిటికీ బేరియమే, ప్రాణం నిలిచేదీ పోయేదీ రెండో మాటలో ఉంది.

ఈ తోకల లెక్క ఇదీ. 'ఐడ్' అంటే మామూలుగా ఒక్క మూలకం అయాన్. హైడ్రాక్సైడ్, సయనైడ్ లాంటివి మాత్రం ఈ మాట వినవు. 'ఏట్' అంటే ఆక్సిజన్ కూడా ఉంది. 'ఐట్' అంటే ఆ 'ఏట్' కంటే ఆక్సిజన్ ఒకటి తక్కువ. నైట్రేట్ ఎన్ఓ త్రీ, నైట్రైట్ ఎన్ఓ టూ. సల్ఫేట్ ఎస్ఓ ఫోర్, సల్ఫైట్ ఎస్ఓ త్రీ. చూశారా, 'ఏట్' అంటే ఎన్ని ఆక్సిజన్‌లు అన్నది స్థిరం కాదు, ఒక చోట మూడు, ఒక చోట నాలుగు. కానీ ఆక్సిజన్ తగ్గినా ఆవేశం మారలేదు. నైట్రేట్, నైట్రైట్ రెండూ మైనస్ 1. సల్ఫేట్, సల్ఫైట్ రెండూ మైనస్ 2. అందుకే 'ఏట్' ఒక్కటి గుర్తుపెట్టుకుంటే 'ఐట్' ఉచితంగా వస్తుంది. క్లోరిన్‌కి రెండు మెట్లు చాలక నాలుగయ్యాయి. ఒక ఆక్సిజన్ ఉంటే హైపోక్లోరైట్, రెండుంటే క్లోరైట్, మూడుంటే క్లోరేట్, నాలుగుంటే పర్‌క్లోరేట్. అన్నీ మైనస్ 1. 'హైపో' అంటే గ్రీకులో కింద.

ఈ 'ఏట్', 'ఐట్' తోకలు పెట్టింది ఎవరంటే, 1787లో గైటన్ ద మోర్వో, లవోయిజే, బెర్తొలే, ఫూర్క్‌రోయ్ అనే నలుగురు ఫ్రెంచివాళ్లు. అంతకుముందు పేర్లు చూసిన రంగుని బట్టి, దొరికిన ఊరిని బట్టి, కనిపెట్టినవాడిని బట్టి ఉండేవి. మన భాషలో మైలుతుత్తం, అన్నభేది, సురేకారం, నవాసారం ఉన్నట్టే. వినడానికి ఇంపుగా ఉంటాయి, నాకు ఎంతో ఇష్టం. కానీ అన్నభేది అన్న మాటని ఎంత విడగొట్టినా అందులో ఐరన్ ఉందని తెలియదు, మైలుతుత్తంతో దానికున్న చుట్టరికం తెలియదు. ఫెర్రస్ సల్ఫేట్, కాపర్ సల్ఫేట్ అనగానే రెండింట్లోనూ సల్ఫేట్ ఉందని చెవికి వినిపిస్తుంది. సురేకారం పొటాషియం నైట్రేట్, నవాసారం అమ్మోనియం క్లోరైడ్. పేరు వింటే అందులో ఏముందో తెలిసేలా చేశారు ఆ నలుగురు.

మైలుతుత్తం అన్నాను కాబట్టి ఒక్క ముక్క. ఆ నీలం స్ఫటికాల్లో ఒక్కో కాపర్ సల్ఫేట్‌కి ఐదు నీటి అణువులున్నాయి. సీయూ ఎస్ఓ ఫోర్, చుక్క, ఐదు హెచ్ టూ ఓ. కాపర్ సల్ఫేట్ పెంటాహైడ్రేట్ అంటారు. నీళ్లు అయాన్ కాదు, ఆవేశం లేదు, సున్నా లెక్క అవి ఎన్నో చెప్పలేదు, అందుకే ఇక్కడ మాత్రం 'పెంటా' అని అంకె చెప్పాల్సి వచ్చింది. ఆ చుక్క గుణకారం గుర్తు కాదు. ఫార్ములా ద్రవ్యరాశి లెక్కగట్టేటప్పుడు కూడాలి: 159.6కి ఐదు నీళ్ల 90.1 కలిపితే 249.7. అంటే బరువులో 36 శాతం నీళ్లే. వేడి చేస్తే ఆ నీళ్లు పోయి పొడి తెల్లబడుతుంది.

(సభలోంచి: "సార్, అమ్మోనియం నైట్రేట్ ఎన్‌హెచ్ ఫోర్ ఎన్ఓ త్రీ అని రాస్తాం. నైట్రోజన్ రెండుసార్లు వచ్చింది. కలిపేసి ఎన్ టూ హెచ్ ఫోర్ ఓ త్రీ అని ఎందుకు రాయకూడదు?")

రాయొచ్చు, పరమాణువుల లెక్క ఏమీ తప్పదు. కానీ ఒక నైట్రోజన్ అమ్మోనియంలో, నాలుగు హైడ్రోజన్‌ల మధ్య ఉంది, ఆ ముక్కకి ప్లస్ 1. రెండోది నైట్రేట్‌లో, మూడు ఆక్సిజన్‌ల మధ్య ఉంది, ఆ ముక్కకి మైనస్ 1. కలిపి రాశావంటే ఈ రెండు ముక్కలూ కనపడవు, అది చూసి పేరు చెప్పమంటే నేను కూడా చెప్పలేను. ఫార్ములా చూసి పేరు, పేరు చూసి ఫార్ములా, రెండు వైపులా దారి తెరిచి ఉండాలంటే ముక్కలు విడిగానే ఉండాలి.

అదే అమ్మోనియంతో ఒకటి రాసి వెళ్దాం. అమ్మోనియం డైక్రోమేట్. 'డై' చూసి కంగారుపడకండి. ఆ చివర నుంచి ఎవరైనా చెప్పండి.

(సభలోంచి: "ఎన్‌హెచ్ ఫోర్ హోల్ ట్వైస్, సీఆర్ టూ ఓ సెవెన్.")

హోల్ ట్వైస్ ఎందుకమ్మా?

("అమ్మోనియం ప్లస్ 1, డైక్రోమేట్ మైనస్ 2 సార్. సున్నా రావాలి.")

సరిపోయింది. టైమ్ కూడా అయింది.